పడ్డప్పుడు ఊడిపోనిది

ఇంట్లో ఒకరు మోటారు సైకిల్ నేర్చుకోవాలనుకుంటే మొదటి వారమంతా బండి గురించే మాటలు నడుస్తాయి. ఏ కంపెనీ, ఎంత మైలేజీ, కొత్తదా సెకండ్ హ్యాండా, వాయిదా ఎంత పడుతుంది. నేర్చుకునే మనిషి ఒంటి మీద ఏముండాలన్న ప్రశ్న అందరి మాటలూ అయ్యాక వస్తుంది. చాలా ఇళ్లలో అసలు రాదు. బండికి సీటు కవరు, క్రాష్ గార్డు, ట్యాంకు మీద స్టిక్కరు కొన్నాక మిగిలిన డబ్బుతో దొరికిన హెల్మెట్ కొంటారు. ఈ వరుస తలకిందులు కావాలి.

సూరత్ దక్షిణపు వైపున, పాండేసరా పారిశ్రామిక వాడకూ భెస్తాన్‌కూ దగ్గర్లో ఉన్న వడోద్‌ను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మరమగ్గాల పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు లింబాయత్, ఉధ్నా, పాండేసరా చుట్టూ తరాలుగా ఉంటున్నాయి. ఒకప్పుడు సాంచాల (మరమగ్గాల) షెడ్డుకూ గదికీ మధ్య నడక సరిపోయేది. ఇప్పుడు కొడుకు సచిన్ ఊరి వైపు ఫ్యాక్టరీకి పోవాలి, కోడలు రింగు రోడ్డు బట్టల మార్కెట్‌లో లెక్కలు రాయడానికి పోవాలి, పిల్లల్ని ట్యూషన్‌కు దింపాలి. బండి రానివాళ్లు ఇంకొకరి మీద ఆధారపడి బతకాల్సి వస్తోంది. కాబట్టి నేర్చుకుంటారు. డ్రైవింగ్ స్కూల్లో చేరినా, ఖాళీ ప్లాట్లలో బావమరిది దగ్గర నేర్చుకున్నా, పడే తీరు మాత్రం ఒకటే.

ఆ తీరు ముందు తెలియాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంలో పడరు. క్లచ్ ఒక్కసారిగా వదిలినప్పుడు, యూ టర్న్ మధ్యలో ముందు బ్రేకు నొక్కినప్పుడు, ఎనిమిది అంకె తిప్పుతూ కాలు కింద పెట్టబోయి అందనప్పుడు పడతారు. బండి దాదాపు నిలబడే ఉంటుంది. పడుతున్న మనిషి ముందు అరచెయ్యి నేల మీద ఆనిస్తాడు. తర్వాత మోకాలు, మోచెయ్యి తగులుతాయి. నూరు కిలోలు దాటిన బండి చీలమండ మీద వాలుతుంది. కుడివైపు పడితే కాలిపోతున్న సైలెన్సర్ పిక్కకు తగులుతుంది. తల చివర్లో తగులుతుంది, కానీ తగిలితే తేలిగ్గా తగలదు. ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి ఏ వస్తువు కింద పడినా నేలను తాకేసరికి దాని వేగం గంటకు 19, 20 కిలోమీటర్ల దాకా వస్తుంది. అంటే బండి కదలకుండా ఉన్నా తల మాత్రం ఆ వేగంతో సిమెంటుకు కొట్టుకుంటుంది. యూరప్ ప్రమాణం ఈసీఈ 22.05 కింద హెల్మెట్లను పరీక్షించిన వేగమే సెకనుకు 7.5 మీటర్లు, గంటకు 27 కిలోమీటర్లు. 'మెల్లగానే పోతం కదా, హెల్మెట్ ఎందుకు' అనేవాళ్లకు ఈ రెండు అంకెలు చెప్పండి.

దుకాణంలో ధర, రంగు, కంపెనీ అన్నీ అడగండి, తప్పులేదు. కానీ ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు అడగాల్సింది ఒకటే: నేను పడ్డప్పుడు ఇది ఉండాల్సిన చోటే ఉంటుందా, ఊడిపోతుందా? మూడు వేల హెల్మెట్ వదులుగా ఉంటే గాల్లోనే తలను వదిలేస్తుంది. ఖరీదైన మోకాలి గార్డు పిక్క మీదికి జారిపోతే నేలకు తగిలేది మోకాలి చిప్పే. నేను గట్టిగా నమ్మేది ఇదే, కింద చెప్పే ప్రతి పరీక్షా దీన్ని పట్టుకునే ఉంటుంది.

హెల్మెట్ దగ్గర ఎక్కువసేపు ఆగుదాం. భారతీయ ప్రమాణం ఐఎస్ 4151. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం నేరం. అయినా రోడ్డు పక్క తాడుకు వేలాడదీసి అమ్మే గుల్లలు పోలేదు. నకిలీ ఐఎస్ఐ స్టిక్కర్లూ ఉన్నాయి. గుర్తు పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొడితే తయారీదారు పేరు, లైసెన్సు నడుస్తోందా లేదా అన్నది కనిపిస్తుంది. నిమిషం పని. దుకాణదారు ముందే చేయండి, ఏమీ అనుకోడు. అనుకుంటే పక్క దుకాణానికి పోవచ్చు.

పాండేసరా, సచిన్ ఫ్యాక్టరీలలో పనిచేసేవాళ్లు గేటు దగ్గర ఇచ్చిన పసుపుపచ్చ టోపీతోనే బండెక్కుతుంటారు. అది పైనుంచి పనిముట్టు పడితే కాపాడడానికి చేసింది, దాని ప్రమాణం ఐఎస్ 2925. అందులో నెత్తికీ టోపీకీ మధ్య పట్టీలే ఉంటాయి. బండి హెల్మెట్లో ఉండే థర్మోకోల్ దిమ్మ అందులో ఉండదు. ప్రాణం కాపాడేది పై గుల్ల కాదు, ఆ దిమ్మే. కొత్త టీవీ పెట్టెలో మూలలకు పెట్టి పంపేదీ అదే పదార్థం. దెబ్బ తగలగానే అది నలిగిపోతుంది, నలగడంలోనే దెబ్బ బలాన్ని మింగేస్తుంది, మళ్లీ పొంగి రాదు. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చాలి. పెట్రోలు, థిన్నర్, కిరోసిన్ తగిలితే ఆ దిమ్మ కరిగిపోతుంది. బండి తుడిచే పెట్రోలు గుడ్డను హెల్మెట్లో కుక్కి పెట్టే అలవాటుంటే ఈరోజే మానండి. మెత్తటి సబ్బు నీళ్లు చాలు. ఇదే కారణంగా ఇంకొకరు వాడిన హెల్మెట్ తీసుకోవద్దు. దాని చరిత్ర మీకు తెలియదు.

ముఖం మొత్తం మూసేది కొనాలా, ముందు తెరిచి ఉండేది చాలా? నేర్చుకునేవాళ్లకు మూసేదే. జర్మనీలో డీట్‌మార్ ఓటె అనే పరిశోధకుడు ప్రమాదాల్లో హెల్మెట్లకు తగిలిన దెబ్బలన్నీ ఎక్కడెక్కడ పడ్డాయో లెక్క తీస్తే, దాదాపు మూడో వంతు గడ్డం చుట్టూనే తేలాయి. ముఖం మీద బోర్లా పడే మనిషికి నెత్తి మీది గుల్ల ఏం చేస్తుంది? ఉక్కపోత అంటారు, నిజమే. దానికి గాలి రంధ్రాలున్నది తీసుకోవాలి, నిలబడినప్పుడల్లా ముందు అద్దం పైకెత్తుకోవాలి. ఐఎస్ఐ గుర్తున్న ఫుల్ ఫేస్ హెల్మెట్లు రెండు వేల లోపు కూడా దొరుకుతున్నాయి, ధర సాకు చెప్పడానికి లేదు.

ఇక సైజు. టేపు తీసుకుని కనుబొమల పైన అంగుళం ఎత్తులో, చెవుల పైనుంచి, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా చుట్టి కొలవాలి. హెల్మెట్ల లోపల 560, 580, 600 అని ఉండే అంకెలు ఆ చుట్టుకొలత మిల్లీమీటర్లే. కొలత మొదటి మెట్టు మాత్రమే, ఎందుకంటే తలలు కొన్ని గుండ్రంగా, కొన్ని ముందుకు వెనక్కు పొడుగ్గా ఉంటాయి. తొడిగి చూస్తేనే తెలుస్తుంది. ఈ దశలోనే దుకాణంలో తరచూ ఒక సంభాషణ జరుగుతుంది. వదిన నేర్చుకుంటోంది, మరిది తోడొచ్చాడు.

"గట్టిగ పడుతున్నది తమ్మీ, చెంపలు నొక్కుతున్నయి."

"అయితే ఒక నంబరు పెద్దది ఇయ్యమందాం వదినా, ఇడుపుగ ఉంటది."

ఆ పెద్ద నంబరే ప్రమాదం. చెంపలు నొక్కాలి. కొత్త హెల్మెట్లో మాట్లాడితే, నమిలితే చెంపల లోపలి భాగం పళ్లకు తగలాలి. లోపలి స్పాంజి కొన్ని వారాల వాడకంలో అణుగుతుంది. ఈరోజు హాయిగా ఉన్నది నెలకు వదులైపోతుంది. నుదుటి మీద ఒకే చోట పొడిచినట్టు నొప్పి ఉంటే మాత్రం అది మీ తల ఆకారానికి సరిపడనిది, వేరే మోడల్ అడగాలి. తలకు పెట్టుకుని పది పదిహేను నిమిషాలు దుకాణంలోనే తిరగండి. తీశాక నుదుటి మీద ఎర్రటి గుర్తుందేమో అద్దంలో చూడండి.

తర్వాత అసలు పరీక్ష. గడ్డం కింద పట్టీ బిగించండి, ఒక వేలు మాత్రమే దూరేంత. పక్కనున్న వాళ్లను హెల్మెట్ వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకు దొర్లించమనండి. గట్టిగానే. కళ్ల మీదికి దొర్లి వచ్చేసిందా, ఎంత నచ్చినా పక్కన పెట్టేయాలి. రెండు పక్కలకూ తిప్పి చూడండి. హెల్మెట్ తిరిగితే దాంతో పాటు నుదుటి చర్మం కూడా కదలాలి. జడ వేసుకునేవాళ్లు దుకాణానికి రోజూ వేసుకునే జడతోనే వెళ్లండి. కొప్పు నడినెత్తిన ఉంటే హెల్మెట్ తల మీద కూర్చోదు, కొప్పు మీద కూర్చుంటుంది. మెడ దగ్గర, కిందికి వేసిన జడ అయితే ఇబ్బంది లేదు. పెద్ద కమ్మలు, బుట్టలు తీసేసి పెట్టుకోవాలి. దొర్లినప్పుడు అవి చెవిని చీలుస్తాయి.

పట్టీ పెట్టుకోకుండా హెల్మెట్ నెత్తిన ఉంచుకుని పోలీసు కనబడగానే బిగించేవాళ్ల గురించి ఎక్కువ రాయదలచుకోలేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ అడిగేది కూడా పట్టీ బిగించి పెట్టుకున్న హెల్మెట్‌నే. 2019 సవరణతో 194డీ సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత వచ్చాయి. గుజరాత్ ప్రభుత్వం ఆ జరిమానాను 500కు తగ్గించింది. అదే ఏడాది డిసెంబరులో నగరాల్లో హెల్మెట్ ఐచ్ఛికమని ప్రకటించి, తర్వాత వెనక్కు తగ్గింది. ఆ కొన్ని వారాల్లో సూరత్‌లో చాలామందికి 'ఇది ప్రభుత్వం పెట్టే బాధ, మనకు అవసరమైంది కాదు' అన్న భావం స్థిరపడిపోయింది. ప్రభుత్వం మాట మార్చినప్పుడల్లా తల ఎముక గట్టిపడదు. 61 అధ్యయనాలను కలిపి చూసిన 2008 నాటి కాక్రేన్ సమీక్ష, హెల్మెట్ వల్ల మరణ ప్రమాదం 42 శాతం, తల గాయాల ప్రమాదం 69 శాతం తగ్గుతాయని తేల్చింది. మనకు తెలిసిన ముఖమే కావాలంటే 2021 సెప్టెంబర్ 10, వినాయక చవితి నాడు హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర జారిపడిన నటుడు సాయి ధరమ్ తేజ్‌ను గుర్తు చేసుకోండి. రోడ్డు మీద ఇసుక, వర్షం మట్టి. కాలర్ బోన్ విరిగింది, వారాలు ఆసుపత్రిలో ఉన్నారు, తల నిలిచింది. తన ప్రాణం నిలబెట్టింది హెల్మెట్టేనని ఆ తర్వాత ఆయన వేదికల మీద చెబుతూనే ఉన్నారు. ఆ విరిగిన ఎముక కూడా మనకు పాఠమే. హెల్మెట్ దగ్గర ఆగిపోతే మిగతా ఒళ్లు నేలకు వదిలేసినట్టే.

గ్లవ్స్‌ను మనవాళ్లు చలికాలపు వస్తువనుకుంటారు. నేర్చుకునేవాళ్లకు హెల్మెట్ తర్వాత వెంటనే కొనాల్సింది ఇవే, ఎందుకంటే పడ్డవాడి చెయ్యి అతని మాట వినదు, దానంతటదే నేల మీద ఆనుతుంది. అరచేతి చర్మం ఒక్క జారుడుకు లేచిపోతుంది. బొటనవేలి కింద, మణికట్టు దగ్గర స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది. చెయ్యి చాపి పడినప్పుడు మణికట్టు చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది అదే. దానికి రక్త సరఫరా తక్కువ, అతుక్కోవడానికి నెలలు పడుతుంది. ఆ నెలలు సాంచా మీద దారం ముడెయ్యడానికి కూడా చెయ్యి రాదు, కూలీ పోతుంది. కాబట్టి అరచేతి మడమ భాగంలో గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఉన్న గ్లవ్స్ చూడండి. అది నేలకు పట్టుకోకుండా జారుతుంది. అరచేతి వైపు తోలు, పైన గాలాడే జాలీ ఉంటే సూరత్ ఎండకు సరిపోతుంది. వేళ్లు సగమే కప్పేవి వద్దు. మణికట్టు పట్టీ బిగించి, వేళ్ల కొసలు పట్టుకుని ఎవరినైనా గట్టిగా లాగమనండి. ఊడి వచ్చిందా, అది దుమ్ము తుడుచుకోవడానికి పనికొస్తుంది. వేళ్ల కొసల్లో ఖాళీ మిగిలితే ఆ మడత క్లచ్ లివర్ దగ్గర అడ్డుపడుతుంది, నేర్చుకునేటప్పుడు అసలు తెలియాల్సిన క్లచ్ పట్టే చోటు చేతికి అందదు. ఉంగరాలు, గాజులు ఇంట్లోనే ఉంచండి. గ్లవ్ కింద పగిలిన గాజు మణికట్టులోకి దిగుతుంది. పసుపు తాడు చొక్కా లోపలికి పోవాలి.

చెప్పులతో బండి నేర్చుకోవడం మన ఊళ్లన్నిటిలో ఉంది, ఇక్కడా ఉంది. పడేటప్పుడు మొదట ఊడిపోయేది చెప్పే. క్రీడా బూట్లు కొంత మేలు, కానీ చీలమండ బయటే ఉంటుంది, బండి వాలేది అక్కడే. మోటారు సైకిల్ బూట్లు ఖరీదు. వడోద్‌లో ఉన్నవాళ్లకు దీనికి దగ్గర్లోనే జవాబుంది. పారిశ్రామిక వాడ చుట్టూ హార్డ్‌వేర్ దుకాణాల్లో ఐఎస్ 15298 గుర్తుతో సేఫ్టీ బూట్లు దొరుకుతాయి, చాలా ఇళ్లలో ఇప్పటికే ఒక జత ఉంటుంది. చీలమండ పైదాకా వచ్చే రకం, నూనెకు జారని అడుగున్నది అయితే నేర్చుకునే రోజులకు అవి నిజంగా పనికొస్తాయి. ఒక్కటి సరిచూసుకోవాలి: ముందు ఉక్కు టోపీ వల్ల బూటు మందంగా ఉంటుంది. స్టాండు మీదున్న బండి ఎక్కి ఎడమ కాలి వేలు గేర్ లివర్ కిందికి దూరుతోందో లేదో చూడండి. ఇరుక్కుంటే లివర్‌ను మెకానిక్ దగ్గర కాస్త ఎత్తు చేయించుకోవచ్చు, లేదా వేరే బూటు వెతకాలి. లేసులు బూటు లోపలికి దోపండి. వేలాడే లేసు గేరుకో ఫుట్‌రెస్టుకో చుట్టుకుంటే, ఆగినప్పుడు కాలు నేలకు రాదు, నిలబడ్డ బండితో పాటే పడిపోతారు. బూటును రెండు చేతులతో పట్టి అడ్డంగా నలిపి చూడండి. రెండు అంచులూ కలిసిపోతే బండి బరువుకు మీ పాదం కూడా అలాగే నలుగుతుంది.

బట్ట విషయంలో వడోద్ పాఠకుడికి నేను చెప్పగలిగింది తక్కువేమో. వేళ్ల మధ్య నలిపి ఇది ఎన్ని డెనియర్లో చెప్పగలిగిన చేతులవి. తొమ్మిది వేల మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు, ఆ లెక్క సాంచా పక్క పెరిగిన పిల్లలకు కూడా తెలుసు. చీరలకు నేసే పాలిస్టర్ నూలు సాధారణంగా వంద డెనియర్ల లోపే. బండి జాకెట్ల బట్ట 600 డెనియర్ దగ్గర మొదలవుతుంది. తేడా మందంలోనే లేదు. రోడ్డు మీద జారే ఒంటికీ తారుకూ మధ్య రాపిడి వేడి పుడుతుంది, పాలిస్టర్ సుమారు 250, 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పలచటి పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు కరిగితే చర్మానికి అంటుకుపోతుంది, ఆ గాయం కడగడం నరకం. క్లాసుకు సౌకర్యమని చాలామంది వేసుకొచ్చేది సరిగ్గా అదే ప్యాంటు. దానికంటే మందపాటి జీన్స్ వంద రెట్లు మేలు, అయినా మామూలు జీన్స్ వేగంలో క్షణాల్లో అరిగిపోతుంది. నేర్చుకునే వేగాలకు సరిపోతుంది, హైవేకు సరిపోదు. లోపల అరామిడ్ పొర కుట్టిన జీన్స్ కూడా ఇప్పుడు మనదేశంలో దొరుకుతున్నాయి. 1965లో అమెరికాలో స్టెఫనీ క్వోలెక్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన కెవ్లార్ ఆ కోవదే. లోపల ఒంటికి తగిలేది మాత్రం నూలు బనీనే వేసుకోండి.

జాకెట్ కొనగలిగితే బట్ట కంటే ముందు కుట్టు చూడండి. భుజం, మోచెయ్యి దగ్గర రెండు మూడు వరసల కుట్టు ఉండాలి. నేల మీద జారేటప్పుడు బట్ట చిరగకముందే కుట్టు విడిపోయే జాకెట్లు ఉంటాయి. మనలో బట్టల మనుషులు దీన్ని ఒక్క చూపులో పట్టేస్తారు, ఆ కన్ను ఇక్కడ వాడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 17092 ప్రకారం బండి దుస్తులను ట్రిపుల్ ఏ, డబుల్ ఏ, ఏ అని తరగతులు చేస్తారు. మొదటిది అన్నిటికంటే గట్టిది, మూడోది నగరంలో తిరగడానికి చాలు. లేబుల్ మీద బీ అని ఉంటే రాపిడి నుంచే రక్షణ, దెబ్బ తట్టుకునే ప్యాడ్లు ఉండవు. సీ అంటే ప్యాడ్లు మాత్రమే. భుజం, మోచేతి ప్యాడ్లకు వేరే ప్రమాణం ఉంది, ఈఎన్ 1621-1. ఒకే దెబ్బ కొట్టి లోపలికి ఎంత బలం చేరిందో కొలుస్తారు. సగటున 35 కిలోన్యూటన్ల లోపుంటే లెవెల్ 1, 20 లోపుంటే లెవెల్ 2. జాకెట్ వెనక సంచిలో పలచటి స్పాంజి ముక్క పెట్టి వీపు రక్షణ అని అమ్ముతుంటారు. బయటికి తీసి చూడండి. దాని మీద ఏ ప్రమాణమూ అచ్చు వేయకపోతే అది ఆకారం కోసం పెట్టిందే.

జాకెట్‌కు డబ్బు లేకపోతే ఆగిపోకండి. పట్టీలతో కట్టుకునే మోకాలి, మోచేతి గార్డుల సెట్టు తీసుకోండి, మందపాటి పొడుగు చేతుల చొక్కా మీద కట్టుకోండి. కట్టుకున్నాక దుకాణంలోనే గొంతుక్కూర్చోండి, లేవండి, నాలుగడుగులు వేయండి. చిప్ప మోకాలి మీదే ఉందా, పిక్క మీదికి దిగిందా? దిగితే ఇంకో సైజు. బండి మీద మోకాలు వంగి ఉంటుంది కాబట్టి నిలబడి సరిచూసుకున్న గార్డు కూర్చోగానే జరుగుతుంది. ఈ పరీక్ష కూర్చునే చేయాలి.

చీరతో, చున్నీతో నేర్చుకోవద్దు. కొన్నాళ్లు బాగా నడిపాక చీర మీద నడుపుతారా అన్నది తర్వాతి మాట. నేర్చుకునే రోజుల్లో వెనక చక్రంలోకి పోయే చున్నీ మెడనే లాగుతుంది. పంజాబీ డ్రెస్ అయితే చున్నీ ఇంట్లో పెట్టి, కుర్తా అంచులు తొడల కింద దోపుకుని, కాళ్ల దగ్గర వదులు లేని ప్యాంటు వేసుకోండి. ఈ మాట మీద అత్తగారికి అభ్యంతరమైతే, నేర్చుకునే ఆ రోజుల్లో ఆవిడను గ్రౌండుకు తీసుకెళ్లి పక్కన కుర్చీ వేయండి. ఒక్కసారి చూస్తే ఆవిడే చెబుతారు.

అమెరికాలో 1973లో పెట్టిన మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ తొలి కోర్సుకు అడిగే జాబితా కూడా దాదాపు ఇంతే: హెల్మెట్, కళ్లకు రక్షణ, పొడుగు చేతులు, గట్టి ప్యాంటు, చీలమండ దాటిన బూట్లు, వేళ్లన్నీ కప్పే గ్లవ్స్. డల్లాస్‌లో ఉన్న మీ మేనల్లుడు వీటిలో ఒకటి మరిచిపోతే ఆరోజు అతన్ని బండి ఎక్కనివ్వరు. వడోద్‌లో మనల్ని ఆపేవాళ్లుండరు కాబట్టి ఆ ఆపడం మనమే చేసుకోవాలి.

సూరత్ వాతావరణం ఈ జాబితా మొత్తాన్ని పరీక్షిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ, సముద్రపు తేమ కలిసి ఒళ్లంతా జిగటగా ఉంటుంది, పది నిమిషాలకే జాకెట్ విప్పేయాలనిపిస్తుంది. విప్పిన జాకెట్ ఎంత మంచిదైనా లేనట్టే. అందుకే ఇక్కడ జాలీ జాకెట్ కొనమంటాను, దాని బట్ట రాపిడికి కొంచెం తక్కువ ఆగుతుందని తెలిసి కూడా. నేర్చుకోవడం తెల్లవారుజామున పెట్టుకోండి, రోడ్లు ఖాళీగా ఉంటాయి, బండీ ఒళ్లూ చల్లగా ఉంటాయి. మధ్యలో నీళ్లు తాగండి. దాహంతో ఉన్న మనిషి బ్రేకు మీద ఆలస్యంగా స్పందిస్తాడు. జూన్ నుంచి వర్షాలు మొదలైతే రెయిన్ కోటు గార్డుల పైన వేసుకునేంత వదులుండాలి. హెల్మెట్ అద్దం మసకబారితే కొద్దిగా తెరిచి ఉంచండి. నల్ల అద్దం కొనొద్దు, షిఫ్టు అయ్యాక రాత్రి ఇంటికి రావాల్సిందే కదా. అద్దం మీద దుమ్మును పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు నీళ్లు పోసి, ఆ తర్వాత తుడవండి.

ఇక మెడ. దేశంలో మిగతా చోట్ల ఏ గైడులోనూ ఇంత గట్టిగా చెప్పరేమో, సూరత్‌లో చెప్పాలి. జనవరి 14, 15 ఉత్తరాయణ్. నగరం మొత్తం డాబాల మీదుంటుంది, తెగిన పతంగుల మాంజా రోడ్లకు అడ్డంగా వేలాడుతుంది. గాజు పొడి పూసిన దారం కదిలే బండి మీది మనిషి గొంతుకు తగిలితే కత్తే. నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలో దేశమంతా నిషేధించింది. నిషేధం కాగితం మీద ఉంది, దారం ఇంకా గాల్లో ఉంది. సూరత్‌లో ఆ రెండు రోజులూ ఫ్లైఓవర్ల మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వకపోవడం ఇందుకే. హ్యాండిల్‌కు ఇరువైపులా బిగించి ముఖం ముందు విల్లులా వంగి ఉండే ఇనుప తీగ డిసెంబరులో రోడ్ల పక్క కొన్ని పదుల రూపాయలకు దొరుకుతుంది. అది తప్పక పెట్టించుకోండి, తీగ ఎత్తు మీ తల కంటే పైకి ఉందో లేదో కూర్చుని చూసుకోండి. గొంతు చుట్టూ తోలు పట్టీ, లేదా రెండు మడతల మందపాటి బట్ట పట్టీ కట్టి జాకెట్ కాలర్ లోపలికి దోపండి. కొసలు వేలాడే స్కార్ఫ్ కాదు. డిసెంబరు చివర నుంచే పిల్లలు ఎగరేయడం మొదలెడతారు, పండగ అయ్యాక కూడా చెట్లకు, తీగలకు దారం వేలాడుతూనే ఉంటుంది, కాబట్టి జనవరి నెలంతా పట్టీ ఉండాలి. కొత్తగా నేర్చుకోవాలనుకుంటే ఆ నెల వదిలేసి ఫిబ్రవరిలో మొదలుపెట్టండని నా సలహా.

డబ్బు ఒక్కసారి సర్దలేనివాళ్లు ఈ వరుసలో కొనండి: హెల్మెట్, గ్లవ్స్, బూట్లు, మోకాలి మోచేతి గార్డులు, చివర్లో జాకెట్. మొదటి మూడూ లేకుండా బండి స్టార్ట్ చేయొద్దు. కొత్త బండి కొంటే దాంతో పాటు ఐఎస్ఐ హెల్మెట్ ఇవ్వడం కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కంపెనీ బాధ్యత. అడిగి తీసుకోండి, కానీ అది మీ తల కొలత అడక్కుండా ఇచ్చింది. సరిపోతే వాడండి, సరిపోకపోతే వెనక కూర్చునేవాళ్లలో ఎవరికి సరిపోతుందో చూడండి.

వెనక సీటు లెక్క ఇప్పుడే వేసుకోవడం మంచిది, ఎందుకంటే బండి వచ్చిన మరుసటి రోజు నుంచే దాని మీద పిల్లలు ఎక్కుతారు. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ తప్పనిసరి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లలకు హెల్మెట్‌తో పాటు నడిపేవాళ్లకు కట్టే బెల్టు జీను ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. 2022 ఫిబ్రవరిలో ఇచ్చిన ఈ నిబంధన ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. పెద్దవాళ్ల చిన్న సైజు హెల్మెట్ పిల్లలకు పనికిరాదు, బరువుకు మెడ వాలిపోతుంది. పిల్లల సైజుది తీసుకుని, ముందు చెప్పినట్టే వెనక నుంచి దొర్లించి చూడండి. ఏడాదికోసారి తల కొలవండి, పెరుగుతుంది.

క్లాసు ముందురోజు సాయంత్రం అన్నీ ఒంటికి పెట్టుకుని, స్టాండు వేసిన బండి మీద ఇరవై నిమిషాలు కూర్చోండి. ఇంజన్ ఆపే ఉంచండి. క్లచ్ నొక్కి వదలండి, గేరు కిందికి పైకి వేయండి, మెడ పూర్తిగా తిప్పి భుజం వెనక్కి చూడండి, దిగండి, మళ్లీ ఎక్కండి. ఎక్కడో ఒకచోట ఒత్తుకుంటుంది, జారుతుంది, గీరుకుంటుంది. గుర్తుపెట్టుకుని పట్టీ సర్దండి. సర్దినా కుదరకపోతే బిల్లు తీసుకుని మరునాడే దుకాణానికి వెళ్లి మార్చుకోండి. క్లాసు ఒక రోజు వెనక్కి జరిగినా ఫరవాలేదు.